ఒక్క టెస్టు ఫైలు విడిగా నడవదేం? ధాన్యం ఖాతా ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

పాలకొల్లు దగ్గర మా మావయ్యగారికి ధాన్యం కమీషన్ కొట్టు ఉంది. ధాన్యం కాటా వేసి, తేమ చూసి, తరుగు తీసి, రైతు చేతికి రసీదు ఇచ్చే లెక్కంతా కొన్నేళ్లుగా రూబీ భాషలో రాసిన ఒక ప్రోగ్రాం మీదే నడుస్తోంది. దాన్ని రాసిన కుర్రాడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు చూసుకునేది నేనూ, ఇంజినీరింగ్ చదువుతున్న మా పిన్ని కొడుకూ. రైల్స్ లాంటి పెద్ద సరంజామా ఏమీ లేదు. లిబ్ ఫోల్డర్లో అసలు కోడ్, టెస్ట్ ఫోల్డర్లో మినిటెస్ట్ అనే రూబీ లైబ్రరీతో రాసిన టెస్టులు (అసలు కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు), డేటా ఫోల్డర్లో రకాలూ ధరలూ ఉన్న సీఎస్‌వీ ఫైళ్లు. అంతే. పాత కుర్రాడు టెస్టులంటూ రాసిపెట్టాడు, అదే పదివేలు.

దాళ్వా కోతలు మొదలయ్యేలోపు తరుగు లెక్క మార్చాలి. ప్రభుత్వం కొనే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. దాటితే బస్తాకి ఎంత తీయాలన్న పట్టిక కొట్టుది, అది ఈసారి మారింది. చిన్న మార్పే. కానీ రూబీ పనులు నడిపిపెట్టే రేక్ అనే సాధనంతో 'రేక్ టెస్ట్' అని కొడితే మొత్తం టెస్టులు పూర్తయ్యేలోపు టీ తాగి రావచ్చు. రసీదుల పీడీఎఫ్‌లు తయారుచేసే టెస్టులే సగం సమయం తినేస్తాయి. నాకు కావలసింది తేమ టెస్టు ఒక్కటి. కోడ్‌లో ఒక లైను మార్చడం, అది నడపడం, మళ్లీ మార్చడం. ఆ ఒక్క ఫైలే విడిగా నడవనంది.

కింద కమాండ్లన్నీ పక్కనున్నవాడికి నోటితో చెప్పినట్టే రాశాను. కీబోర్డు మీద ఏం కొట్టాలో రూబీ రాసేవాళ్లకు తెలుస్తుంది.

సోమవారం

ప్రాజెక్టు ఫోల్డర్లో నిలబడి 'రూబీ టెస్ట్/తేమ_టెస్ట్.ఆర్‌బీ' అని కొడితే స్క్రీను నిండా ఎర్రర్. పై లైన్లు రూబీజెమ్స్ లోపలి ఫైళ్లవి, వాటిని చూసి కంగారుపడక్కర్లేదు. అసలు మాట ఒక్కటే: లోడ్‌ఎర్రర్, 'క్యానాట్ లోడ్ సచ్ ఫైల్ -- టెస్ట్_హెల్పర్'. తేమ_టెస్ట్ మొదటి లైనులో 'రిక్వైర్ టెస్ట్_హెల్పర్' అని ఉంది. అంటే టెస్టులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న టెస్ట్_హెల్పర్ ఫైలును తెచ్చుకోమని. అది దొరకలేదంటోంది.

"అన్నయ్యా, ఆ ఫైలు పక్కనే ఉందిగా? అదే ఫోల్డర్లో! రూబీకి కనపడట్లేదా?" అన్నాడు మావాడు.

ఈ సందేహం దాదాపు అందరికీ వస్తుంది. రిక్వైర్ అన్నప్పుడు రూబీ ఆ లైను రాసివున్న ఫైలు పక్కన వెతకదు. మనం నిలబడ్డ ఫోల్డర్లోనూ వెతకదు. '$లోడ్_పాత్' అని ఒక జాబితా ఉంటుంది (కింద 'దారి' అన్నది దీన్నే), అందులో ఉన్న ఫోల్డర్లను వరసగా చూస్తుంది. అక్కడ లేకపోతే ఇన్‌స్టాల్ చేసిన జెమ్‌లలో, అంటే రూబీ లైబ్రరీ ప్యాకెట్లలో, చూస్తుంది. అక్కడా లేకపోతే చేతులెత్తేస్తుంది. ఒకప్పుడు ఆ జాబితా చివర ఒక చుక్క, అంటే ప్రస్తుతం మనమున్న ఫోల్డరు, ఉండేది. 2010 ఆగస్టులో వచ్చిన రూబీ 1.9.2లో ఆ చుక్కను తీసేశారు. కారణం భద్రత. ఎవరిదో ఫోల్డర్లో నిలబడి మన ప్రోగ్రాం నడిపితే, అక్కడ అదే పేరుతో పడివున్న ఫైలు మన ప్రోగ్రాంలోకి వచ్చేసే ప్రమాదం ఉంది. తీసేయడం మంచిదే. కాకపోతే అంతకు ముందు రాసిన పుస్తకాలూ పాఠాలూ చూసి నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఇక్కడే తట్టుకుంటున్నారు.

మావాడు వెంటనే ఒక చిట్కా పట్టుకొచ్చాడు. పేరు ముందు డాట్ స్లాష్ పెట్టి 'రిక్వైర్ ./టెస్ట్/టెస్ట్_హెల్పర్' అంటే నడిచింది. నడుస్తుంది కూడా, ప్రాజెక్టు ఫోల్డర్లోనే నిలబడి ఉన్నంతసేపు. 'సీడీ టెస్ట్' అని లోపలికి వెళ్లి నడిపితే మళ్లీ అదే ఎర్రర్. డాట్ స్లాష్ లెక్క మనం నిలబడ్డ చోటు నుంచి, ఫైలు ఉన్న చోటు నుంచి కాదు. వాడు పెట్టింది పెట్టినట్టే తీసేయించాను.

మరి రేక్ టెస్ట్ అంటే ఇదే ఫైలు ఎలా నడుస్తోంది? ఎర్రర్ ఎందుకొచ్చిందన్న దానికంటే నాకు ఈ ప్రశ్నే ముఖ్యంగా తోచింది. నడిచినప్పుడు ఎవరో ఏదో అమర్చిపెడుతున్నారు. ఆ ఎవరో దొరికితే చాలు.

మంగళవారం

దొరికింది. రేక్‌ఫైల్‌లో టెస్ట్‌టాస్క్ దగ్గర 'టి.లిబ్స్ << టెస్ట్' అని ఒక లైను. రేక్ టెస్ట్‌టాస్క్ తనంతట తానే లిబ్ ఫోల్డరును దారిలో పెడుతుంది, ఈ లైనుతో టెస్ట్ ఫోల్డరు కూడా చేరుతుంది. అదే చోట 'టి.వెర్బోస్ = ట్రూ' అని పెట్టి నడిపితే రేక్ లోపల కొడుతున్న అసలు కమాండ్ మొత్తం కళ్లముందు పడుతుంది: రూబీ, ఆ తర్వాత -ఐ అన్న స్విచ్‌తో లిబ్, టెస్ట్, ఆ తర్వాత రేక్_టెస్ట్_లోడర్ అన్న చిన్న ఫైలు, దాని వెనక మన టెస్టు ఫైళ్ల పేర్లన్నీ. మాయ ఏమీ లేదు. ఇలాంటి ఇబ్బంది వచ్చినవాళ్లు ముందు ఈ వెర్బోస్ పెట్టి చూడండి. గంటసేపు వెతకడం తప్పుతుంది.

కాబట్టి పని గడవాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, అదే స్విచ్ మనమూ ఇవ్వడం: 'రూబీ -ఐలిబ్ -ఐటెస్ట్ టెస్ట్/తేమ_టెస్ట్.ఆర్‌బీ'. రెండోది, రేక్‌నే అడగడం: 'రేక్ టెస్ట్ టెస్ట్=టెస్ట్/తేమ_టెస్ట్.ఆర్‌బీ'. ఇక్కడ రెండో టెస్ట్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫైల్లో ఒక్క మెథడ్ మాత్రమే కావాలంటే మొదటి కమాండ్ చివర '-ఎన్' పెట్టి మెథడ్ పేరు ఇస్తే చాలు. పేరు మొత్తం గుర్తులేకపోతే రెండు స్లాష్‌ల మధ్య రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా కాస్త ముక్క ఇచ్చినా మినిటెస్ట్ పట్టుకుంటుంది.

కొట్టులో ఉన్నది విండోస్ మిషను, నాది లినక్స్ ల్యాప్‌టాప్. ఒకే -ఐ కింద రెండు ఫోల్డర్లు కలిపి ఇస్తే నా దగ్గర మధ్యలో కోలన్ పెట్టాలి, కొట్టులో సెమీకోలన్ పెట్టాలి. ఆ గొడవ లేకుండా -ఐ రెండుసార్లు రాయడమే నయం. రూబీలిబ్ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో ఈ ఫోల్డర్లు పెట్టేస్తే ఇంత కొట్టక్కర్లేదని మావాడు అన్నాడు. నిజమే, కానీ అప్పుడు ఆ మిషను మీద నడిచే ప్రతి రూబీ ప్రోగ్రాంకీ మన టెస్ట్ ఫోల్డరు దారిలో పడుతుంది. అలాంటి శాశ్వత ఏర్పాట్లు ఎవరో పెట్టి మర్చిపోతారు, తర్వాతి వాడు చస్తాడు. వద్దన్నాను.

తేమ టెస్టు అయితే ఇవాళ నడిచింది. ఇక్కడితో ఆపేసి తరుగు లెక్క మొదలుపెట్టొచ్చు. కానీ కమాండ్ ఇంత పొడుగుంటే రేపు మావాడు గానీ, వాడి తర్వాత వచ్చేవాడు గానీ విడిగా నడపడం మానేస్తారు. ఫైలు తన కాళ్ల మీద తాను నిలబడేలా చేయాలనుకున్నాను.

బుధవారం

అన్ని టెస్టు ఫైళ్లలోనూ మొదటి లైనును 'రిక్వైర్_రెలటివ్ టెస్ట్_హెల్పర్'గా మార్చాను. ఇది రూబీ 1.9తో వచ్చింది. మనం ఎక్కడ నిలబడ్డామన్నది చూడదు, ఆ లైను రాసివున్న ఫైలు పక్కనే వెతుకుతుంది. చుక్కను తీసేసిన తరవాత మనకు కావలసింది ఇదే.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. నా ల్యాప్‌టాప్‌లో హెల్పర్ దొరికింది, వెంటనే దాని లోపలి 'రిక్వైర్ ధాన్యం_ఖాతా' దగ్గర కొత్త లోడ్‌ఎర్రర్. లిబ్ ఫోల్డరు దారిలో లేదు కాబట్టి అది న్యాయమే. కొట్టులో మిషను మీద మావాడు అదే నడిపితే ఏ ఎర్రరూ లేదు. "ఇక్కడ అన్నీ పచ్చగా వచ్చేశాయి అన్నయ్యా" అని ఫోను, అంటే టెస్టులన్నీ పాసయ్యాయని. కాసేపటికి మళ్లీ ఫోను: "పట్టికలో 18 శాతానికి తరుగు బదులు కావాలనే పిచ్చి అంకె పెట్టి చూశాను. అయినా పచ్చగానే వస్తోందేంటి?"

కొట్టు మిషను మీద ఈ ప్రోగ్రాం జెమ్‌గా ఇన్‌స్టాల్ అయి ఉంది, రోజూ రసీదులు కొట్టేది అదే. లిబ్ దారిలో లేకపోయేసరికి రూబీ ఆ ఇన్‌స్టాల్ అయిన పాత ధాన్యం_ఖాతాను తెచ్చి ఇచ్చింది. అంటే వాడు కొత్త కోడ్ రాస్తున్నాడు, టెస్టులు పాత కోడ్‌ని పరీక్షిస్తున్నాయి. లోడ్‌ఎర్రర్ వచ్చినవాడు అదృష్టవంతుడు. వేరే ఫైలు నిశ్శబ్దంగా లోడ్ అయిపోతే ఎవరూ చెప్పరు. ఏ ఫైలు నిజంగా లోడ్ అయిందో తెలుసుకోవాలంటే '$లోడెడ్_ఫీచర్స్' జాబితాలో ధాన్యం అన్న ముక్కతో గ్రెప్ చేసి చూడాలి. ఫలానా క్లాసు ఎక్కడ రాసివుందో కావాలంటే రూబీ 2.7 నుంచి 'కాన్‌స్ట్_సోర్స్_లొకేషన్' ఉంది. అది ఫైలు పేరూ లైను నంబరూ ఇస్తుంది. మావాడి చేత అది నడిపించగానే రూబీ జెమ్‌ల ఫోల్డరు పేరు కనపడింది.

మందు ఒక్క లైను. టెస్ట్_హెల్పర్ మొదట్లోనే, వేరే ఏ రిక్వైర్ కంటే ముందు, '$లోడ్_పాత్.అన్‌షిఫ్ట్' అని రాసి, '__డిర్__' నుంచి ఒక మెట్టు పైకెక్కి లిబ్‌లోకి వెళ్లే పూర్తి దారిని ఫైల్.ఎక్స్‌పాండ్_పాత్‌తో ఇవ్వాలి. '__డిర్__' అంటే ఆ ఫైలు ఉన్న ఫోల్డరు, రూబీ 2.0 నుంచీ ఉంది. పుష్ వాడకుండా అన్‌షిఫ్టే వాడటానికి కారణం, మన లిబ్ జాబితాలో మొట్టమొదట నిలబడాలి. పేరు కలిసే ఫైలు దారిలో ఇంకెక్కడైనా ఉన్నా మనదే ముందు దొరుకుతుంది. 'బండిల్ జెమ్' కమాండ్‌తో కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే టెస్ట్_హెల్పర్‌లో ఈ లైను వాళ్లే రాసి ఇస్తారు. మన ప్రాజెక్టు చేత్తో కట్టింది కాబట్టి లేదు.

గురువారం, కరెంటు లేని పూటలు తీసేస్తే

లోడ్‌ఎర్రర్లు పోయాయి. వాటి వెనక దాక్కున్నవి బయటికొచ్చాయి.

టెస్ట్ ఫోల్డర్లోని ప్రతి ఫైలునూ ఒక్కొక్కటిగా, వేరువేరు రూబీ ప్రాసెస్‌లో నడిపే చిన్న షెల్ లూప్ రాశాను. ఏది తప్పితే దాని పేరు చూపిస్తుంది. రేక్‌లో అన్నీ పచ్చగా ఉన్న టెస్టుల్లో బోలెడు ఎరుపు. ఎక్కువ భాగం నేమ్‌ఎర్రర్, 'అన్‌ఇనిషియలైజ్డ్ కాన్‌స్టెంట్', అంటే ఆ పేరు రూబీకి ఇంకా తెలియదని. ఉదాహరణకు తరుగు_టెస్ట్‌కి బిగ్‌డెసిమల్ (దశాంశాల లెక్క కచ్చితంగా చేసే లైబ్రరీ) దొరకలేదు. తరుగు.ఆర్‌బీ దాన్ని వాడుకుంటోంది కానీ ఎక్కడా రిక్వైర్ చేయలేదు. బస్తా.ఆర్‌బీ చేసింది. రేక్ అన్ని టెస్టు ఫైళ్లనూ ఒకే ప్రాసెస్‌లోకి లోడ్ చేస్తుంది కాబట్టి, బస్తా_టెస్ట్ తెచ్చింది తరుగు_టెస్ట్‌కి ఊరికే దక్కింది. మా డెల్టాలో సొంత బోదె లేని చేనుకి పై చేను మీదుగా నీరు పారుతుంది చూడండి, అలాగ. పై చేనువాడు గట్టు వేసిన రోజే తెలుస్తుంది తనకు బోదె లేదని.

బిగ్‌డెసిమల్ ఎందుకు కావాలో కూడా ఒక మాట. మామూలు ఫ్లోట్‌లో 17.1 నుంచి 17 తీసేస్తే రూబీ ఇచ్చేది 0.10000000000000142. తరుగు పట్టికలో 0.1 దాకా ఒక రేటు, ఆపైన ఇంకో రేటు ఉంటే, ఈ తోక వల్ల రైతు ఇంకో గడిలోకి జారిపోతాడు. డబ్బు లెక్కా అంతే. 2025–26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. మన దగ్గర లెక్క 75 కిలోల బస్తా మీద, అంటే 1,776 రూపాయల 75 పైసలు. ఆ పైసలు బస్తాకి ఒకలా, లారీకి ఒకలా వస్తే మావయ్యగారి కొట్టు ముందు రభస అవుతుంది. పాత కుర్రాడు ఇవన్నీ ఆలోచించి బిగ్‌డెసిమల్ పెట్టాడు. రిక్వైర్ ఒక్కటే ఒక చోట పెట్టి ఊరుకున్నాడు.

వీటికి మందు సులువు: ఏ ఫైలు దేన్ని వాడుకుంటే ఆ ఫైలే దాన్ని రిక్వైర్ చేయాలి. రెండోసారి రిక్వైర్ చేసినా నష్టం లేదు, ఒకసారి లోడ్ అయిన ఫైలును రూబీ మళ్లీ లోడ్ చేయదు, ఫాల్స్ అని తిరిగొచ్చేస్తుంది. రిక్వైర్ బదులు 'లోడ్' వాడితే మాత్రం ప్రతిసారీ మళ్లీ నడుస్తుంది, 'ఆల్‌రెడీ ఇనిషియలైజ్డ్ కాన్‌స్టెంట్' అన్న వార్నింగులు వరస కడతాయి. ఒక పాత టెస్టులో అదే ఉంది, మార్చేశాను.

లూప్ విషయంలో ఒక జాగ్రత్త. ఒక ఫైలు ఎర్రర్ లేకుండా ముగిసింది, ఎగ్జిట్ కోడ్ సున్నా (అంటే అంతా బాగుందని), కానీ అసలు ఏ టెస్టూ నడవలేదు! అందులో 'రిక్వైర్ మినిటెస్ట్' అని మాత్రమే ఉంది, 'మినిటెస్ట్/ఆటోరన్' లేదు. క్లాసు తయారైంది, నడిపేవాళ్లు లేరు. రేక్‌లో అయితే పక్క ఫైళ్లు ఆటోరన్ తెస్తాయి కాబట్టి అందరితోపాటు అదీ నడిచింది. అందుకని లూప్‌లో ఎగ్జిట్ కోడ్ ఒక్కటే నమ్మకుండా, చివర్లో మినిటెస్ట్ వేసే 'రన్స్, అసర్షన్స్' లైను వచ్చిందో లేదో కూడా చూసేలా మార్చాను. ఈ లూప్ లాంటిది మినిటెస్ట్‌లోనే ఉంది. రేక్ టెస్ట్‌టాస్క్ బదులు మినిటెస్ట్ వాళ్ల టెస్ట్‌టాస్క్ వాడితే 'రేక్ టెస్ట్:ఐసొలేటెడ్' దొరుకుతుంది. విడిగా నడిపితే తప్పే ఫైళ్లేవో అది చెబుతుంది. పాత రేక్‌ఫైల్‌ను ఇప్పుడే కదపడం ఇష్టం లేక నా లూప్‌తోనే సరిపెట్టుకున్నాను.

శుక్రవారం

ఇవాళ పట్టుబడ్డది నాకు బాగా నచ్చిన కేసు. రసీదు_టెస్ట్ విడిగా నడవదు, ధాన్యం_టెస్ట్ నడుస్తుంది. రెండిట్లోనూ కావలసిన రిక్వైర్లన్నీ ఉన్నాయి. రెండు ఫైళ్లనీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే కారణం కనపడింది. రసీదు.ఆర్‌బీ మొదట్లో ధాన్యాన్ని రిక్వైర్ చేస్తుంది. ధాన్యం.ఆర్‌బీ మొదట్లో రసీదును రిక్వైర్ చేస్తుంది, ఆ వెంటనే క్లాసు ఒంట్లోనే రసీదు వెడల్పు అన్న కాన్‌స్టెంటును వాడుకుంటుంది.

ముందు ధాన్యం నుంచి మొదలైతే: అది రసీదును పిలుస్తుంది, రసీదు మళ్లీ ధాన్యాన్ని అడుగుతుంది, 'అది లోడ్ అవుతూనే ఉంది' అని రూబీ ఫాల్స్ ఇచ్చి పంపేస్తుంది, రసీదు పూర్తిగా తయారవుతుంది, వెనక్కొచ్చాక ధాన్యానికి వెడల్పు దొరుకుతుంది. ముందు రసీదు నుంచి మొదలైతే: రసీదు క్లాసు పుట్టకముందే ధాన్యం లోపలికి వెళ్లిపోతాం, అక్కడ వెడల్పు అడిగితే రసీదు అన్న పేరే ఇంకా లేదు. నేమ్‌ఎర్రర్. రేక్‌లో టెస్టు ఫైళ్లు అక్షర క్రమంలో వస్తాయి కాబట్టి ధాన్యం_టెస్ట్ ఎప్పుడూ ముందు, రసీదు_టెస్ట్ ఎప్పుడూ వెనక. అక్షర క్రమం ఇన్నాళ్లు కాపాడింది.

'రూబీ -డబ్ల్యూ' అని వార్నింగులు తెరిచి నడిపితే, 'సర్క్యులర్ రిక్వైర్ కన్సిడర్డ్ హార్మ్‌ఫుల్' అని రూబీయే చెబుతుంది. వార్నింగులు మూసేసుకుని బతకడం మనకు అలవాటు కాబట్టి ఎవరూ చదవలేదు. వెడల్పు, కాపీల సంఖ్య లాంటి అంకెలన్నీ కొలతలు.ఆర్‌బీ అన్న మూడో ఫైల్లోకి మార్చాను. రెండూ దాన్నే రిక్వైర్ చేస్తాయి. ధాన్యానికి రసీదుతో ఇక పనే లేదు.

మావయ్యగారు మధ్యలో వచ్చి, "ఏరా అబ్బాయ్, తరుగు లెక్క అయిందా?" అన్నారు. "అవుతోందండి మావయ్యగారూ, ముందు పునాదులు చూస్తున్నాం" అన్నాను. "కోతలొచ్చేస్తున్నాయి, పునాదులు తర్వాత చూసుకుందురుగాని" అన్నారు. ఆయన బాధ ఆయనది.

శనివారం

ప్రాజెక్టు ఫోల్డర్లోంచి కాకుండా టెస్ట్ ఫోల్డర్లోంచి నడిపితే ఏమవుతుందో చూశాను. రెండు చోట్ల తప్పింది.

మొదటిది ధాన్యం_ఖాతా.ఆర్‌బీ. ఇందులో పాత కుర్రాడు లిబ్‌లోని కొన్ని ఫైళ్లను 'డిర్' బ్రాకెట్లతో ఏరి, ఒక్కోదాని ముందు డాట్ స్లాష్ తగిలించి రిక్వైర్ చేశాడు. చోటు మారితే డిర్‌కి ఏ ఫైలూ దొరకదు. దొరకలేదని చెప్పదు కూడా, ఖాళీ జాబితా ఇస్తుంది. లూప్ ఒక్కసారి కూడా తిరగదు, ఎక్కడో కింద నేమ్‌ఎర్రర్ వస్తుంది. పైగా రూబీ 3.0కి ముందు డిర్ ఇచ్చే జాబితా ఏ వరసలో ఉండాలన్న హామీ లేదు, ఫైల్‌సిస్టం ఎలా ఇస్తే అలా. కొట్టు మిషనులో ఒక వరస, నా ల్యాప్‌టాప్‌లో ఇంకో వరస. 3.0 నుంచి అక్షర క్రమంలో ఇస్తుంది. నేను ఆ ఏరడమే తీసేసి, ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటీ రిక్వైర్_రెలటివ్‌తో రాసేశాను. పొడుగైంది, కానీ ఏది ముందో ఏది వెనకో చదివితే తెలుస్తుంది.

రెండోది డేటా. 'డేటా/రకాలు.సీఎస్‌వీ' అని నేరుగా రాసిన చోటల్లా ఈఎన్‌ఓఈఎన్‌టీ, అంటే ఆ ఫైలు లేదు అని. అన్నిటినీ '__డిర్__' నుంచి లెక్క కట్టాను. ఆ ఫైల్లో రకాల పేర్లు తెలుగులో ఉన్నాయి: స్వర్ణ (ఎంటీయూ 7029), కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010). రెండూ మన మార్టేరు పరిశోధనా స్థానం విత్తనాలే. కొట్టు విండోస్ మిషనులో విడిగా నడిపితే ఈ తెలుగు పేర్లు పోల్చేచోట టెస్టు తప్పింది, రేక్‌తో తప్పలేదు. మళ్లీ ఎవరో అమర్చిపెడుతున్నారన్నమాట. రేక్‌ఫైల్‌లోనే, 'టి.రూబీ_ఆప్ట్స్'లో యూటీఎఫ్-8 స్విచ్ ఉంది. విండోస్‌లో రూబీ 3.0కి ముందు డీఫాల్ట్ ఎన్‌కోడింగ్ ఆ మిషను కోడ్‌పేజీని బట్టి ఉండేది. కొట్టులో ఉన్నది 2.7. ఫైలు తెరిచేచోటే 'ఆర్:బామ్|యూటీఎఫ్-8' అని రాశాను. బామ్ ఎందుకంటే, ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేస్తే మొదట్లో కనపడని ఒక గుర్తు చేరుతుంది. దాంతో మొదటి కాలమ్ పేరు కలవదు, రకం అడిగితే నిల్ వస్తుంది.

మావాడు నా ల్యాప్‌టాప్‌కి పంపిన ఒక ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలైంది. విండోస్ పట్టించుకోలేదు, లినక్స్ లోడ్‌ఎర్రర్ ఇచ్చింది. పేరు మార్చించాను, అంతే.

తర్వాతి వారం

రూబీ 2.7కి 2023 మార్చితో మద్దతు ముగిసిపోయింది. ఎలాగూ కదిపాం కదా అని నా ల్యాప్‌టాప్‌లో 3.4కి మార్చాను. ఈసారి కథ తిరగబడింది. 'రూబీ టెస్ట్/రకాలు_టెస్ట్.ఆర్‌బీ' విడిగా చక్కగా నడుస్తుంది. 'బండిల్ ఎగ్జెక్ రేక్ టెస్ట్' అంటే లోడ్‌ఎర్రర్, దొరకనిది సీఎస్‌వీ! రూబీతోపాటు వచ్చే సీఎస్‌వీ దొరకకపోవడమేంటని మావాడు నోరు తెరిచాడు.

3.4లో సీఎస్‌వీ, బిగ్‌డెసిమల్, బేస్64 లాంటివి కొన్ని బండిల్డ్ జెమ్‌లు అయ్యాయి. రూబీతో ఇన్‌స్టాల్ అవుతాయి, కానీ మామూలు జెమ్‌ల లెక్క. బండ్లర్ (ప్రాజెక్టుకి కావలసిన జెమ్‌లను జెమ్‌ఫైల్ చూసి సమకూర్చే సాధనం, 'బండిల్' కమాండ్ దానిదే) కింద నడిపితే జెమ్‌ఫైల్‌లో చెప్పినవి, వాటికి కావలసినవి మాత్రమే కనపడతాయి. బండ్లర్ లేకుండా నడిపితే ఇన్‌స్టాల్ అయిన ఏ జెమ్ అయినా దొరుకుతుంది. 3.3లో దీని గురించి వార్నింగ్ ఇచ్చారు. జెమ్‌ఫైల్‌లో సీఎస్‌వీ, బిగ్‌డెసిమల్ పేర్లు రెండు లైన్లు చేర్చి 'బండిల్ ఇన్‌స్టాల్' అన్నాక సరిపోయింది. ఇకనుంచి విడిగా నడిపేటప్పుడు కూడా 'బండిల్ ఎగ్జెక్ రూబీ' అనే అనాలని మావాడికి చెప్పాను. అప్పుడు రెండు దారుల్లోనూ ఒకే జెమ్‌లు కనపడతాయి.

ఇదే ఊపులో ఇంకోటి దొరికింది. పీడీఎఫ్ లైబ్రరీ లేకపోతే మామూలు టెక్స్ట్ రసీదు కొట్టాలని పాత కోడ్‌లో ఉద్దేశం. రిక్వైర్‌ని బిగిన్‌లో పెట్టి కింద ఉత్త 'రెస్క్యూ' రాశాడు. ఉత్త రెస్క్యూ స్టాండర్డ్‌ఎర్రర్ కిందవాటినే పడుతుంది. లోడ్‌ఎర్రర్ దాని కింద లేదు, స్క్రిప్ట్‌ఎర్రర్ కింద ఉంది. కాబట్టి ఆ వల ఎప్పుడూ పనిచేయలేదు. లైబ్రరీ లేని మిషనులో ప్రోగ్రాం నేరుగా పడిపోతుంది. 'రెస్క్యూ లోడ్‌ఎర్రర్' అని పేరు పెట్టి రాశాను, లైబ్రరీ లేనట్టు నటించే టెస్టు ఒకటి మావాడు రాశాడు.

ఇప్పుడు ఎక్కడున్నాం

తేమ_టెస్ట్ విడిగా కన్ను మూసి తెరిచేలోగా అయిపోతోంది. కొత్త తరుగు పట్టిక ఒక మధ్యాహ్నంలో పూర్తయింది. సరిగ్గా 17 శాతం, 17.1 శాతం, పట్టిక ఆఖరి గడి, అది దాటినది, వీటన్నిటికీ టెస్టులున్నాయి. విడివిడి లూప్‌ను గిట్ ప్రీ-పుష్ హుక్‌లో పెట్టాను, అంటే కోడ్ పుష్ చేసే (పైకి పంపే) ముందు అది తనంతట తానే నడుస్తుంది. మొత్తం రేక్ కంటే అది నెమ్మది, ప్రతి ఫైలుకీ రూబీ కొత్తగా మొదలవ్వాలి కదా. పుష్ చేసేది రోజుకి ఒకటి రెండుసార్లే కాబట్టి భరించవచ్చు. మావాడు దాన్ని దాటేయడానికి '--నో-వెరిఫై' వాడుతున్నట్టు అనుమానం.

మిగిలినవి: పాత బాకీల టెస్టులు రెండు ఇంకా ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. ఒకటి రాసిన టెంపరరీ ఫైలును రెండోది చదువుతుంది. ఇది లోడింగ్ గొడవ కాదు, టెస్టు రాసిన తీరుది. అందుకని ప్రస్తుతానికి వాటికి స్కిప్ పెట్టాను. కొట్టు మిషనులో రూబీ మార్చడం దాళ్వా ధాన్యం వెళ్లిపోయాకే. కాటా దగ్గర లారీలు నిలబడి ఉండగా ఆ పని పెట్టుకుంటే మావయ్యగారు ఊరుకోరు. అప్పటిదాకా అక్కడ 2.7, ఇక్కడ 3.4. మార్పు ఏది చేసినా రెండు చోట్లా లూప్ నడిపాకే జెమ్ కట్టడం.